వెలిసిపోయిన నది: రాస్ అల్ ఖైమా నుంచి నైఫ్ దాకా

రత్నం పోయిన ఏడాదికి గోడమీది బొమ్మను సరిగా చూశాను. జపాన్ వాళ్ల చెక్క అచ్చు బొమ్మ అది. సాయంకాలపు నది, ఒక పడవ, అవతలి గట్టున చెట్లు. నా భార్య రత్నం ఆసుపత్రిలో నర్సు; ఆమె సేవ చేసిన ఒక జపాన్ ఇంజనీరు కుటుంబం ఇచ్చింది. వెలుతురు పడుతుందని తనే కిటికీకి ఎదురుగా తగిలించింది. ఎండకు నదిలో నీలం పోయింది. ఆ నీలం తిరిగి వస్తుందేమో కనుక్కోవాలనిపించింది. దుబాయిలోని డేరా ప్రాంతంలో ఒక హోటల్లో అలాంటి బొమ్మల ప్రదర్శన ఉందని తెలిసి, గురువారం సెలవు పెట్టి, బొమ్మను గోడమీంచి దింపి తీసుకుని బయలుదేరాను.

రాస్ అల్ ఖైమా టాక్సీ స్టాండుకు ఏడింటికల్లా చేరడం మంచిది. ఐదుగురు నిండగానే బండి కదులుతుంది. మనిషికి పదిహేను దిర్హాములు, గంటన్నర ప్రయాణం. పఠాన్ డ్రైవరు నా ఒళ్లో ఫ్రేము చూసి, "శీషా హై క్యా, బాబూజీ? ఇస్ కా భీ కిరాయా లగేగా!" అని, అద్దానికీ ఛార్జీ పడుతుందని నవ్వాడు. గుంతలు వచ్చిన చోటల్లా మాత్రం నెమ్మదిగా నడిపాడు.

ప్రదర్శన పదింటికి తెరిచారు, ప్రవేశం ఉచితం. హాలంతా నదులే: వానలో వంతెన, మంచులో రేవు. ఒక జపాన్ మహిళ అచ్చు వేసి చూపిస్తోంది. తడిపిన చెక్కమీద నీలాన్ని పైన చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా కుంచెతో పూసి, కాగితం పరిచి రుద్దింది. ప్రతి కాగితానికీ మళ్లీ చేత్తోనే పూయాలట. అందుకే ఏ రెండు నదులూ ఒకేలా ఉండవు. నా బొమ్మను ఆమె తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"ఎండకు పోయిన రంగు తిరిగి రాదు. వెనక అట్ట కూడా కాగితాన్ని తినేస్తోంది, మార్పించండి," అంది ఇంగ్లీషులో.

నైఫ్ బజారు అక్కడికి నడక దూరమే. మధ్యాహ్నం మూసిన దుకాణాలు నాలుగింటికి తెరుస్తారు. ఫ్రేములు కట్టే రాజన్నది జగిత్యాల వైపు. ఫొటోలకు రంగులద్దడం కూడా ఆయన పనే.

"ఏంది సార్, నది మొత్తం ఎండిపోయినట్టున్నది! జర నీలం కొడ్త. పది నిమిషాలల్ల ఖలాస్."

నేను వద్దనలేదు. మేకులు పీకి బొమ్మ బయటికి తీశాడు. ఫ్రేము కింద దాగిన అంచుల్లో, వేలెడు వెడల్పున, నీలం అలాగే ఉంది. పైన చిక్కగా, కిందికి పలచగా. ఎవరో చేత్తో పూసిన తీరు తెలుస్తోంది.

"రంగు వద్దు రాజన్నా. వెనక అట్ట మార్చి, ఆ అంచు కనపడేలా పెద్ద ఫ్రేము కట్టు."

"అంచు దాయకుంటే మంచిగుండది సార్. రేపు ఇంట్ల మేడమ్ తిడితే నన్ను అనొద్దు మల్ల."

"తిట్టదులే," అన్నాను.

బొమ్మ ఇప్పుడు ఎండ తగలని గోడమీద ఉంది. అంచుల్లో నీలం, నడుమ తెలుపు. నాకది సాయంకాలంలా లేదు, తెల్లవారుతున్నట్టుంది. పొద్దున టీ దాని ముందే తాగుతున్నాను. మీరూ ఇలాంటి బొమ్మకు ఫ్రేము కట్టించేటప్పుడు, అంచులు కత్తిరించవద్దని ముందే చెప్పండి.