తనకు ఓటు వేసుకోని మా తమ్ముడు

వేట నిషేధం ముగిసి, బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగాల్సిన రోజు తెల్లవారుతుండగా మా తమ్ముడు పోయాడు. నేను గంగమ్మ పటం ముందు దీపం పెట్టి వత్తి సరిచేస్తున్నాను. మా మరదలు గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "వదినా" అంది. కాళ్ళకు చెప్పులు లేవు. మోకాళ్ళ దాకా తడి ఇసుక. నాకు అర్థమైంది. దీపానికి ఒక నమస్కారం పెట్టుకుని లేచాను.

పేపరు చదివేవాళ్ళకు వాడు ఒక్కసారి గెలిచి, ఆ తర్వాత కనిపించకుండా పోయిన పార్లమెంటు సభ్యుడు. జిల్లా పేజీలో పాత ఫోటో వేసి నాలుగు ముక్కలు రాశారు. రాసిన వాటిలో తప్పేమీ లేదు. మిగిలినవి నేను రాస్తున్నాను.

మాది నెల్లూరు తీరంలో వేట మీద బతికే ఊరు. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఏ పెద్ద విషయమైనా ఇంటికొక మగమనిషి గంగమ్మ గుడి ముందు కూర్చుని తేలుస్తారు. దాన్ని కూటం అంటాం. తేలిన మాట మీద కర్పూరం వెలిగిస్తారు. ఇక ఆ మాట దాటేవాళ్ళు ఉండరు. ఓటు కూడా అంతే, ఊరంతా ఒకరికే వేస్తుంది. ఇంకొక నియమం కూడా ఉంది. కూటంలో చోటున్న మనిషి చనిపోతే ఆ రోజు ఏ బోటూ కదలదు. చోటు లేనివాడు పోతే, అది వాళ్ళ ఇంటి చావు మాత్రమే. ఊరికి సంబంధం లేదు.

మా తమ్ముడికి కూటంలో చోటు పోయి కొన్నేళ్ళయింది. అందుకే వాడి తల దగ్గర కూర్చున్నాక మరదలు నన్ను అడిగిన మొదటి మాట, "బోట్లు పోతాయా వదినా?"

బయట ఇంజన్లు సరిచూసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. రెండు నెలలు పనిలేక కూర్చున్న ఊరు. ఐసు ఎక్కించారు, డీజిలు పోశారు, బోట్ల ముక్కులకు పసుపు రాశారు. మొదటి రోజు వేటకు పోకపోవడం అంటే ఏమిటో తీరం మీద పుట్టిన ఎవరికీ చెప్పనక్కరలేదు.

అమ్మ పోయేనాటికి వాడికి నడక కూడా సరిగ్గా రాలేదు. నా చంకలోనే పెరిగాడు. కావలిలో డిగ్రీ చదివి వచ్చి, బోట్లకు ఐసు అమ్మేవాడు. మాట మెత్తన. ఇంట్లోకి వచ్చేముందు కాళ్ళు కడుక్కోకుండా ఒక్కనాడూ గడప దాటలేదు. ఎంపీ అయ్యాక కూడా, గన్‌మెన్ బయట నిలబడి చూస్తుండగా, చెంబు తీసుకుని మడమలు రుద్దుకునేవాడు.

పార్టీవాళ్ళు ఒకసారి తీరం మనిషికి సీటు ఇవ్వాలనుకున్నారు. వీడి పేరు పైకి వచ్చింది. కూటంలో ఊరి పెద్దాయన అడిగాడు.

"ఢిల్లీకి పొయ్యి ఏం చేస్తావురా?"

"మనకి రేవు అడగతా పెద్దాయనా."

"నీకు హిందీ యాడొచ్చు?"

"తమిళోళ్ళ బోట్లకి ఐసు అమ్మేదానికి తమిళం నేర్చుకున్నా గదా. ఇదీ అంతే."

అందరూ నవ్వారు. కర్పూరం వెలిగింది. చుట్టుపక్కల తీరం ఊళ్ళు కూడా మా మాటే పట్టుకున్నాయి. మిగతాది ఆ ఏడాది పార్టీకి వీచిన గాలి చూసుకుంది. వాడు గెలిచాడు.

ఢిల్లీ నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాడు. తిన్నావా అని కాదు, మొదటి ప్రశ్న, "అక్కా, గాలెట్టా ఉండాది?" అక్కడ వాడికి గాలి తెలిసేది కాదట. "ఇక్కడ ఏ కిటికీ తెరిచినా ఒకటే గాలి. ఎటునుంచి వస్తాదో అర్థం కాదు" అనేవాడు. ఆ మాట నాకు మంచిగా అనిపించేది కాదు. వాడి పేరున దీపంలో ఇంకొక వత్తి వేసేదాన్ని.

సభలో వాడు మాట్లాడిన రోజు ఊరంతా సొసైటీ హాల్లో టీవీ ముందు కూర్చుంది. తెలుగులోనే రేవు అడిగాడు. ఇచ్చిన సమయంలోపే ముగించి దండం పెట్టాడు. మా పక్కింటి ముసలామె కళ్ళు చిట్లించి చూసింది. "ఏంది మే, మీ తమ్ముడు ఎవురితో మాట్లాడతా ఉండాడు? ఎదురంగా కుర్చీలన్నీ ఖాళీగా ఉండాయే!" అంది. హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ ఖాళీ కుర్చీలు మాత్రం చాలా రోజులు కళ్ళముందే ఉన్నాయి.

ఖాళీ కుర్చీలతో మాట్లాడినా రేవు వచ్చింది. మాకు దక్షిణంగా, నడిచిపోయేంత దూరంలో సముద్రంలోకి రాళ్ళ గోడలు వేశారు. రాళ్ళ లారీలు వెళుతుంటే మా ఆడవాళ్ళు దిష్టి తీశారు. పెద్దాయన వాడి మెడలో దండ వేసి, "మా ఇంట్లో పుట్టాల్సినోడివిరా నువ్వు" అన్నాడు.

ఆ మరుసటి వానల తర్వాత మా ఒడ్డు తగ్గడం మొదలైంది. దక్షిణం నుంచి నీటి వాలుకు వచ్చే ఇసుక ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. సముద్రం మా ఇసుక ఎప్పటిలాగే తీసుకుపోయింది. బదులు తెచ్చివ్వలేదు. ముందు వలలు ఆరేసే చోటు పోయింది. తర్వాత సరుగుడు చెట్లు, నిలబడ్డవి నిలబడ్డట్టే, వేళ్ళు బయటపడి ఒరిగాయి. పెద్ద చప్పుడేమీ లేదు. పొద్దున లేచి చూస్తే నిన్నటి చోటు ఉండేది కాదు, అంతే.

వాడు ఊరికి వచ్చినప్పుడు అదే ముసలామె వల భుజాన వేసుకుని ఎదురొచ్చింది. "ఎంపీ గారూ, ఈ వల యాడ ఆరేసుకోమంటావు? మీ పార్లమెంటులోనా?"

వాడు ఆ వల తన భుజానికి తీసుకుని, ఆమె ఇంటి కప్పు మీద పరిచి వచ్చాడు. నాతో అన్నాడు: "రేవు అడిగినానక్కా. రేవొస్తే ఒడ్డు ఏమవతాదో అడగలా. నేనూ అడగలా, కూటమూ అడగలా. సముద్రంలో పుట్టినోళ్ళం, మనకే తెలీకపోతే ఇంకెవురికి తెలస్తాదనుకున్నాం."

మా ఒడ్డుకు కూడా రాళ్ళు వేయించాలని మిగిలిన పదవీకాలమంతా తిరిగాడు. ఎక్కడికి పోయినా పరిశీలనలో ఉందన్నారు. "వాళ్ళకంటే ముందు సముద్రమే వచ్చి పరిశీలించి పోతాదక్కా" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు. మొదటి వరసలో ఒక ఇంటి గోడ అప్పటికే పడింది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి, వాడే మళ్ళీ నిలబడ్డాడు. కూటంలో వాడూ కూర్చున్నాడు, ఊరి మనిషిగా. ఈసారి ఓటు అవతలి పార్టీకని తేలింది. పెద్దాయన వాడి ముఖం చూడకుండానే కర్పూరం వెలిగించాడు. వాడు కూడా అందరితోపాటు మంట మీద చెయ్యి చూపి కళ్ళకద్దుకున్నాడు. ఇంటికొచ్చి నాతో, "ఊరి మాట ప్రకారం వెయ్యక్కా. నా మొహం చూసి తప్పొద్దు" అన్నాడు. అలాగే వేశాను.

లెక్కింపు రోజున మా ఊరి బడిలో పెట్టిన పోలింగ్ బూత్ వంతు వచ్చింది. వాడికి సున్నా. అవతలి పార్టీ ఏజెంటు బల్ల చరిచి నవ్వాడట. "ఏం సార్, ఇంట్లోవాళ్ళు సరే, మీ ఓటు కూడా మీకు పడలేదే!" అన్నాడట. వాడు నవ్వలేదు, నొచ్చుకోలేదు. "ఊరి మాట మీద గెలిచినానబ్బా. ఊరి మాట ఎట్టా దాటేది?" అన్నాడు. ఈ సంగతి వాడు చెప్పలేదు. పక్కనున్నవాళ్ళు చెప్పారు.

ఓడిన తర్వాత ఊరు ఇంకొక మాట చెప్పింది. సముద్రం ఆగేదాకా కూటంలో కూర్చోవద్దని. వాడు దానికీ సరే అన్నాడు. నెల్లూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి, మొదటి వరసలో మిగిలిన ఇళ్ళలో ఒకటి, ఎవరూ ఉండడానికి ఇష్టపడని ఇల్లు చూసుకుని చేరాడు. మరదలు ఏడ్చింది. నేను వెనక వరసలో మా ఇంటికి రమ్మన్నాను.

"నేను తెచ్చింది గదా. ముందు నా గడపకే రానీ" అన్నాడు.

కూటం జరిగే రోజుల్లో గుడి దాకా వెళ్ళేవాడు. లోపలికి పోడు. గొంతులు వినిపించేంత దూరంలో నిలబడి, అందరూ లేచాక తిరిగివచ్చేవాడు. పదవి పోయినందుకు వాడు బాధపడినట్టు నేను చూడలేదు. ఆ చోటు కోసం మాత్రం ముఖం వాడిపోయేది. నాకు ఉన్న ఒకే మొక్కు కూడా అదే. గంగమ్మా, వాణ్ణి ఊరిలో మనిషిగా తీసుకుపో అని.

ఆ ఉదయం పెద్దాయన, ఇంకో నలుగురు తమ్ముడి వాకిట్లోకి వచ్చారు. లోపలికి రాకుండా గోడ పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. మాకు అన్నీ వినిపించాయి.

"కూటంలో లేడు గదా పెద్దాయనా. బోట్లు ఆపాల్సిన పనేముంది?" అన్నాడు ఒక పడుచువాడు. "ఐసు కరిగిపోతా ఉండాది. రెండు నెల్ల పస్తు."

"సముద్రం ఆగేదాకా అని గదా మనం అనింది. ఆగిందా?" అన్నాడు ఇంకొకడు.

పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "కర్పూరం మీద మనందరం చెయ్యి పెట్టినాం. మనం ఓటేసింది ఇంకోడికి ఎదురుగా. వాడు ఏసింది తనకే ఎదురుగా. ఒరే, మీలో ఎవురన్నా ఆ పని చెయ్యగలరా? చెయ్యగలనన్నోడు పొయ్యి బోటు తోయండి."

ఎవరూ కదల్లేదు. పడుచువాడు కాలితో ఇసుక గీశాడు. "ఆ మాట బతికుండంగా ఒక్కరోజు అనుంటే సరిపొయ్యేది గదా పెద్దాయనా" అన్నాడు.

పెద్దాయన లోపలికి వచ్చి, మా తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఒక్కొక్క ఇంజనే ఆగిపోయింది. నీళ్ళలోకి దింపిన బోట్లను కూడా మగవాళ్ళు భుజాలు పెట్టి వెనక్కి లాగారు. మరదలు చప్పుళ్ళన్నీ ఆగేదాకా తల వంచుకుని విని, అప్పుడు ఏడ్చింది.

పాడె లేచాక తెలిసింది. బోట్లన్నీ ఒడ్డు మీదే ఉంటే, మాకు మిగిలిన ఇసుకలో మనిషి నడిచే దారి లేదు. ఇన్నేళ్ళూ సగం బోట్లు నీళ్ళలోనో, నిషేధం రోజుల్లో కొత్త రేవులోనో ఉండేవి కాబట్టి ఎవరం గమనించలేదు; ఈసారి మొదటి వేటకని అన్నీ ఇక్కడికే తెచ్చారు. శ్మశానానికి పోవడానికి ఆ దారి తప్ప ఇంకొకటి లేదు. మోసేవాళ్ళు నీళ్ళలోకి దిగారు. గాలి లేదు, అయినా అలలు వాళ్ళ తొడల దాకా వస్తున్నాయి. పాడెను తలల మీదికి ఎత్తుకున్నారు. పెద్దాయన ముందు నడుస్తూ, దారి పొడుగునా పేలాలు చల్లుతున్నాడు.

ఆడవాళ్ళం గడప దగ్గరే నిలబడిపోయాం. వాళ్ళు బోట్ల చాటుకు వెళ్ళిపోయారు. చల్లిన పేలాలు నీటి మీద తెల్లగా, గుంపుగా తేలుతూ వచ్చి, మొదటి వరస ఇళ్ళ మెట్లకు ఆనుకున్నాయి.