ఏవగింపు మాన్పే మారెక్క

ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో పిల్ల చచ్చిన గొర్రె పరాయి పిల్లను ఏవగించుకుంటే మారెక్కకు కబురొచ్చేది. ఇష్టం లేకపోవడం వేరు, ఏవగించుకోవడం వేరు. ఇష్టం లేని గొర్రె ఊరికే ముఖం తిప్పుకుంటుంది. ఏవగించుకున్నదైతే వాసన తగలగానే పిల్లను కుమ్మి పడేస్తుంది. మారెక్క ఆ చచ్చిన పిల్ల తోలు ఒలిచి తల్లిలేని పిల్ల వీపున కట్టేది. వాసన చూసి గొర్రె తన బిడ్డే అనుకుని పాలిచ్చేది. ఆ ఉపాయం ఏనాడూ తప్పింది లేదు. దాంతో ముసలిదానికి కాస్త మిడిసిపాటు కూడా ఉండేది.

ఒక ఏడాది మారెక్క కోడలు తిప్పమ్మ చంటిబిడ్డ ఓబన్న జ్వరమొచ్చి పోయాడు. నెల తిరక్కముందే మారెక్క కూతురు ఈశ్వరి ఆడపిల్లను కని కన్నుమూసింది. డబ్బా పాలు పడితే పిల్ల కక్కేసేది, రోజురోజుకూ నీరసించిపోయేది. తిప్పమ్మకు పాలు ఇంకా ఇగరలేదు. కానీ కడుపుకోతలో ఉన్న మనిషి ఇంకొకరి బిడ్డను ఏవగించుకుంటుందేమోనని మారెక్క భయం. ఈ పిల్లా పోతే ఈశ్వరి పూర్తిగా పోయినట్టే. నోరు తెరిచి అడగాల్సింది పోయి, తనకు తెలిసిన పనే చేసింది.

ఓబన్న అంగీ ఒకటి తిప్పమ్మ ఉతక్కుండా తలగడ కింద దాచుకుంది. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా మారెక్క దాన్ని మెల్లగా లాగి, మనవరాలికి తొడిగి పక్కలో పడుకోబెట్టింది. తిప్పమ్మ కళ్లు తెరవకుండానే కొడుకు పేరు పలుకుతూ పిల్లను రొమ్ముకు అదుముకుంది. ఆ తర్వాత కళ్లు తెరిచింది.

పిల్లను తోసెయ్యలేదు. కడుపు నిండేదాకా పాలిస్తూ ఏడ్చింది. ఆ పైన అంగీ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. పిల్ల కక్కిన పాలతో అది తడిసిపోయి ఉంది.

"అడిగింటే పాలియ్యకపోదునా అత్తా? ఈ అంగీలో వాని వాసన ఒకటే మిగిలుండె. అదీ తీసేస్తివి."



ఆ పిల్ల పద్మప్రియ ఇప్పుడు బడికి పోతోంది. తిప్పమ్మనే అమ్మా అంటుంది, తిప్పమ్మకూ ఆ పిల్లే ప్రాణం. మారెక్క చెయ్యి తగిలిన ముద్ద మాత్రం తిప్పమ్మ నోట పెట్టదు. ఎదురుపడితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోతుంది. మొన్న మారెక్క ఆగలేక వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఒకసారి తిట్టన్నా తిట్టు తిప్పమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

"తిట్టేకి ఏముండాది అత్తా? నీకు కీడు జరగాలని ఎప్పుడూ అనుకోలే. నువ్వు దగ్గరికొస్తే కడుపులో దేవుతాది, అంతే. మాన్పుకుందామని నేనూ శానా చూసినా. నా చేత కాలే."

మారెక్క గోడకు ఒదిగి దారిచ్చింది.