పసుపు కుప్పలో టూ స్ట్రోక్ బండి

పోయిన పసుపు సీజన్లో జరిగిందిది. ఆర్మూర్‌లో మార్కెట్ యార్డు లోపల మాది పసుపు కమీషన్ దుకాణం. మా ఆయన పెళ్లికి ముందు కొన్న టూ స్ట్రోక్ బైకును అమ్మేస్తానన్నాడు. దాని చప్పుడంటే నాకు ప్రాణం.

"నేనైతే నడుపుత లేను, ఇంట్ల ఇంక నడిపేటోళ్లు ఎవరున్నరు?" అన్నాడు, కొనడానికి వచ్చినవాడి ముందే.

"నేను లేనా? ఇంజన్ ఆగకుంట యార్డు చుట్టు ఒక రౌండ్ కొట్టొస్త. కొడితే బండి నాది!"

"కొట్టు, సూద్దాం!"

గేర్లు మార్చడం వెనక కూర్చుని ఏళ్ల తరబడి చూసినదాన్నే. కిక్కు కొట్టగానే గుప్పున పొగ, టపటపమని ఆ చప్పుడు! ఒళ్లు పులకరించింది. రౌండ్ ఇంకాస్తలో ముగుస్తుందనగా దుకాణం ముందుకొస్తే ఎదురుగా మా పసుపు కొమ్ముల కుప్ప. స్కూటీ అలవాటుతో ఎడమచేతి బ్రేకు గట్టిగా నొక్కాను. బైకుకు అక్కడుండేది క్లచ్! గుండె ఆగినంత పనైంది. బండి మాత్రం ఆగలేదు, సర్రున వెళ్లి కుప్పలో దిగబడింది. నిలువెల్లా పసుపే. హమాలీలు పగలబడి నవ్వారు.

"పెండ్లిపిల్ల లెక్కున్నవ్ గని, బండి పాయె!" అన్నాడు మా ఆయన.

నేనింకా క్లచ్ వదల్లేదు. "నవ్వుడు ఆపి జర చెవులు పెట్టి వినుండ్రి. ఇంజన్ ఆగిందా?"

టపటపటప!

కొనేవాడు వచ్చిన దారినే పోయాడు. ఇప్పుడు నేను ఆ బండి మీదే తిరుగుతున్నాను. ఆ రోజు క్లచ్ పట్టకుండా సరిగ్గా బ్రేకే నొక్కి ఉంటే ఇంజన్ ఆగిపోయి, పందెం ఓడిపోయేదాన్ని!