మునియమ్మక్క మేడగది

మునియమ్మక్క నాకు తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. తమిళనాడు ధర్మపురిలో బస్టాండుకు కొంచెం ఎగువన, ఒకే ప్రహరీ లోపల ఆమె ఇల్లూ మా ఇల్లూ ఉన్నాయి. ఆమె నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఇది నా ఒక్కదాని మాట కాదు, వీధిలో అందరూ అంటారు. ఆమె ముందు మాత్రం రెండో సగమే అంటారు.

పుట్టిల్లు మహేంద్రమంగళం. చిన్నప్పుడే ఈ ఇంటి కోడలై వచ్చి, మామకూ మొగుడికీ చింతపండు వ్యాపారంలో సమానంగా నిలబడింది. గింజ తీయించడం, తూకం వేయించడం, బేరం తెగ్గొట్టడం, అన్నీ ఆమే. మా బావ పోయాక వ్యాపారం మానేసింది. ఇండూరు దగ్గర పొలం గుత్తకిచ్చింది. మేడ మీద చింతపండు నిల్వ చేసే పెద్ద గది ఊరికే పడి ఉండేది.

మా వాళ్ళకు ఒక అలవాటుంది. వీధిలో తమిళం, గడప లోపల తెలుగు. వందల ఏళ్ళుగా ఇంతే. ఇక్కడ పుట్టిన వాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. నేను కుప్పం నుంచి వచ్చిన కోడలిని కనుక నాకు వచ్చు, అందుకే ఇది నేను రాస్తున్నాను. మునియమ్మక్కకు తెలుగు గొళ్ళెం పెట్టుకునే తలుపు. ఎదుటి మనిషి వినకూడని మాట ఏదైనా సరే, అతని మొహం మీదే తెలుగులో అనేసేది. కూరగాయల వాడిని తమిళంలో తంబీ తంబీ అని పిలుస్తూనే, నా వైపు తిరిగి, వీడు పుచ్చు వంకాయలు అంటగడుతున్నాడు పద పోదాం అనేది. ఎవరికి వస్తుందో ఎవరికి రాదో, నోరు అదుపులో పెట్టుకో అక్కా అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. మన మాట మనోళ్ళకు కాక ఇంకెవరికి వస్తుందే అని నన్నే కసిరేది.

కాలేజీ ఆడపిల్లల హాస్టలులో పైకప్పు పెచ్చులూడి పడుతోందని బాగుచేయడం మొదలుపెట్టారు. పిల్లలను ఈ ఏడాదికి ఎవరి చోటు వాళ్ళు చూసుకోమన్నారు. ఇంకేముంది, ఊరంతా హాస్టలైంది. కళ్యాణమండపంలో మంచాలు పడ్డాయి. ఒకాయన ఆవులను పెరట్లో కట్టి, కొట్టంలో అమ్మాయిలను పెట్టాడు. పిల్లలు బకెట్టూ చాపా పట్టుకుని వీధివీధీ తిరిగారు. మునియమ్మక్క మేడగది కడిగించి సున్నం వేయించి, గేటుకు ‘వీడు వాడగైకు’ అని తమిళంలో అట్ట కట్టించింది. తమిళంలో వీడు అంటే ఇల్లు, వాడగై అంటే బాడుగ. ఎవడక్కా వీడు, వీడిని కూడా అద్దెకిస్తావా అని నేను ఏడిపిస్తే, మీ ఆయనను ఇస్తాను, బాడుగ కూడా అడగను అంది.

ముగ్గురు పిల్లలు దిగారు. ఇద్దరి గురించి చెప్పేదేమీ లేదు, లేస్తే ఫోను పడుకుంటే ఫోను. మూడో పిల్ల ముత్తుసెల్వి. పెన్నాగరం దాటి లోపల ఏదో పల్లె. ఫిజిక్సు ఆఖరి సంవత్సరం. ఆ ఊరి బస్సులో వస్తే రోజూ మొదటి రెండు క్లాసులు పోతాయి. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆమెతో చదివే ఒక పిల్ల అప్పటికే గది దొరక్క చదువు మానేసి ఇంటికి పోయింది. అందుకే ఈ పిల్ల గది ఎట్లా ఉందో కూడా చూడలేదు. పరీక్షలు అయ్యేదాకా ఖాళీ చెయ్యమనరు కదా పాట్టీ అని ఒకటే అడిగింది. పాట్టి అంటే అవ్వ. అననులే, రా అని అక్క మాట ఇచ్చింది.

అక్కకు కంటి జబ్బు. రోజూ సాయంత్రం చుక్కల మందు వేయాలి. నా చెయ్యి వణుకుతుంది. ముత్తుసెల్వి వచ్చిన వారానికే ఆ పని తన చేతిలోకి తీసుకుంది. పొద్దు వాలగానే మెట్లు దిగి వచ్చి, అక్క తల వెనక్కి వంచి, రెప్ప పట్టి, ఒక్క చుక్క కూడా బుగ్గ మీద పడకుండా వేసేది. ఆ పిల్ల రాకపోతే అక్క పది సార్లు మెట్ల వైపు చూసేది.

ఒక సాయంత్రం అట్లా మందు వేయించుకుంటూనే తమిళంలో ఆరా తీసింది. మీ ఇల్లు ఊళ్ళో ఎక్కడ, ఏ వీధి అని. ఊరి చివర పాట్టీ అంది ముత్తుసెల్వి. అక్క కళ్ళు మూసుకునే నాతో తెలుగులో అంది.

“ఊరి చివర అంటే తెలిసిందే కదా చిత్రా. దీనికి గ్లాసు వేరేగా పెట్టు. వంటింటి గడప తొక్కనియ్యొద్దు. ఏమో, చేతులు మాత్రం శుభ్రంగానే ఉండాయి.”

ఆ పిల్ల వేళ్ళు అక్క రెప్ప మీదే ఉన్నాయి. రెండో కంట్లో చుక్క కూడా సరిగ్గానే పడింది. ఆమె పైకి పోయాక నేను అక్కతో పోట్లాడాను. ఆమెకు అర్థం కాకపోతే మాత్రం, మాట మాట కాదా అన్నాను. దానికేం తెలుసే, ఊరుకో అంది. నెలల తరబడి అట్లాగే సాగింది. ఆ పిల్ల కూర్చుని లేచిన చోట అక్క నీళ్ళు చల్లేది. ఎందుకు చల్లుతోందో తెలుగులో చెప్పేది కూడా.

పరీక్షలకు ఇంకా కొన్ని వారాలుండగా ముత్తుసెల్వి తల్లి వచ్చింది. రాగిపిండి సంచీ, అనపకాయల మూటా రెండు చేతుల్లో ఉన్నాయి. అక్కా నేనూ వసారాలో కూర్చుని ఉన్నాం. ఆమె మాకు దండం పెట్టి బయటి మెట్లు ఎక్కుతూ, సగంలో కాలు జారింది. పైనుంచి ముత్తుసెల్వి కేకేసింది.

“అమ్మా, గోడ పట్టుకో, పడిపోతావు!”

“ఏమీ కాలేదులే బిడ్డా, నువ్వు దిగొద్దు,” అంది తల్లి.

అచ్చం మా ఇంటి తెలుగే. ఆ యాసే, ఆ సాగదీతే. ఇక్కడి పల్లెల్లో భూములున్న మా వాళ్ళే కాదు, ఆ భూముల్లో పనికి వచ్చే ఊరి చివరి వీధుల వాళ్ళు కొందరు కూడా తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. మునియమ్మక్కకు ఈ సంగతి తెలియక కాదు. తెలుగు అంటే మనది అనుకోవడం అలవాటైపోయి, తెలిసిందే మరిచిపోయింది. తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి, అది తెలుగేనా అని నన్ను అడిగింది. తమిళంలో అడిగింది.

ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఆ పిల్ల నా కంట్లో మందు వేసేటప్పుడు నేనేమన్నానో చెప్పు అంది. నీకే గుర్తుంటుంది కదా అన్నాను. కాదు, చెప్పు అని పట్టుపట్టింది. నాకూ ఒళ్ళు మండింది. గ్లాసు మాట, గడప మాట, నీళ్ళు చల్లిన మాట, ఒక్కటి వదలకుండా అప్పజెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విన్నది.

“అంతా వింటా కూడా నా కంట్లో మందేసిందే. దాని చెయ్యి ఒక్కసారన్నా వణకలేదే చిత్రా,” అంది.

సాయంత్రం ముత్తుసెల్వి కిందికి రాలేదు. నేను పైకి పోయి చూస్తే, తల్లిని బస్సెక్కించి వచ్చి బట్టలు సంచీలో సర్దుకుంటోంది. నన్ను చూసి మొదటిసారి తెలుగులో మాట్లాడింది.

“మా ఊళ్ళో తెలుగు మాట్లాడేది మా వీధి ఒక్కటే అక్కా. నోరు తెరిస్తే ఏ వీధో తెలిసిపోతుంది. అందుకే బయట మాట్లాడను. నాకు తెలుగు వచ్చని, అన్నీ విన్నానని ఇప్పుడు పాట్టికి తెలిసిపోయింది. పొమ్మనేలోపల నేనే పోతాను.”

ఇన్నాళ్ళూ ఎట్లా ఉన్నావమ్మా అన్నాను. పోవడానికి ఇంకో చోటు లేదు కదక్కా, పరీక్ష రాయల్ల అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

కిందికొచ్చి చెప్పాను. అక్క మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. గది గుమ్మంలో నిలబడి, పరీక్షలయ్యేదాకా ఎక్కడికీ పోయేది లేదు అని తమిళంలో అంది. అనాల్సిన అసలు మాట అనకుండానే వెనక్కి తిరిగింది. ముత్తుసెల్వి సంచీ పక్కన పెట్టింది.

అప్పటినుంచి మునియమ్మక్క ఇంట్లో తెలుగు వినబడడం తగ్గిపోయింది. అంగట్లో కూడా తెలుగులో నోరు విప్పేది కాదు. పిల్లకు రాగిసంకటీ అనపగింజల పులుసూ తన కంచంలోనే పెట్టి పంపేది. ముత్తుసెల్వి ఆ కంచం తోమి తెచ్చి, గడప బయటే పెట్టి పోయేది. లోపలికి రమ్మంటే, ఇక్కడే బాగుంది పాట్టీ అనేది. చాలా మర్యాదగా అనేది. ఆ మర్యాదకే అక్క సగమైపోయింది. కంటి మందు నా చేత వేయించుకునేది, సగం బుగ్గల మీదే కారేది. ఆ పిల్లను పిలువు అక్కా అంటే, ఏ మొహం పెట్టుకుని పిలిచేది అనేది. అక్క జాలి పడదగ్గ మనిషేనా అని ఆ రోజుల్లో నేను చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. పడదగ్గదే. కానీ ముందు ఆ పిల్ల, తర్వాతే ఆమె.

పరీక్షలన్నీ రాసింది. బాగా రాసినట్టే ఉంది, మొహం తేటగా ఉంది. ఊరికి పోయే రోజు సంచీ తగిలించుకుని చెప్పి పోవడానికి వసారాలోకి వచ్చింది. అక్క ఆ రోజు అనలేని మాట అనడానికే పొద్దుటినుంచి కూర్చుని ఉంది. లేచి నిలబడి, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని తెలుగులో అంది.

“బిడ్డా, నాది పాపిష్టి నోరు. అనరాని మాటలు నీ ముందరే అన్నాను. అవి మనసులో పెట్టుకోవద్దు తల్లీ.”

ముత్తుసెల్వి చేతులు విడిపించుకోలేదు. అక్క మొహంలోకి చూస్తూ, మెత్తగా, తమిళంలో జవాబిచ్చింది.

“నాకు తెలుగు రాదు పాట్టీ.”

దండం పెట్టి గేటు దాటి వెళ్ళింది. అక్క అదే మాట తమిళంలో చెప్పాలని గేటు దాకా నడిచింది. బజారునంతా ఆ భాషలోనే గెలిచిన మనిషికి, ఆ ఒక్కటి ఆ భాషలో నోటికి రాలేదు.