గుడ్డముక్కలో కట్టిన కారణం

మా వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని అందరూ చెవిగారు అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది కానీ దాన్ని చదివేది బిల్లు ఇచ్చేవాడొక్కడే. మిషన్ తీసుకెళ్లి, "దారం ఊరికే తెగిపోతోంది తమ్ముడూ" అని నేను మొదలుపెడితే చెయ్యి అడ్డంపెట్టేస్తాడు.

"మీరు చెప్పకండక్కా. దాన్ని చెప్పనివ్వండి."

మనచేతే పెడల్ తొక్కిస్తాడు. కళ్లు మూసుకుని, తల వంచి, మిషన్ పక్కన చెవి పెడతాడు. ఒకసారి నా మిషన్ దగ్గర అలాగే చాలాసేపు విని లేచి, "మిషన్ బాగానే ఉందక్కా. కిర్రుమంటోంది మీ మోకాలు" అన్నాడు. అప్పుడు షాపులో అయిదుగురున్నారు. అందులో ఇద్దరు నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు.

ఆయనకి ఇంకో అలవాటుంది. బాగుచెయ్యడం అయ్యాక, చెడిపోయిన ముక్కని శుభ్రంగా తుడిచి, చిన్న గుడ్డపీలికలో మూట కట్టి మన చేతిలో పెడతాడు. "ఇదీ కారణం. ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకోండి." నా సొరుగులో అలాంటి మూటలు నాలుగున్నాయి. అరిగిపోయిన ఇనపముక్కలే, అయినా పారెయ్యబుద్ధి కాదు. మనల్ని నెలరోజులు ఏడిపించిన రోగం బఠానీగింజంత అయి అరచేతిలోకి వస్తే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అలాంటి మనిషికి ఒక కూతురు. ఇంట్లో చిట్టి అంటారు. రెండేళ్లు నిండేసరికి నాలుగు మాటలు పలికి, ఆ నాలుగూ మళ్లీ మింగేసింది. పిలిస్తే తిరిగి చూడదు. పక్కగదిలో బిస్కెట్ పొట్లం విప్పితే మాత్రం పరుగెత్తుకొస్తుంది. "చెవుడు కాదక్కా. దానివి నా చెవులే" అనేవాడు చెవిగారు. మొదట్లో ఆ మాట నవ్వుతూనే అనేవాడు.

ఇక్కడ నా ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. ఒకరోజు ఆయన భార్య డాక్టరు దగ్గరికి బయల్దేరి, చెప్పులేసుకుని మరీ నా టైలరింగ్ షాపు ముందు ఆగింది. నేను ఊరుకోవచ్చు కదా! "పిచ్చిపిల్లా, మా చెల్లెలి కొడుకు అయిదేళ్లదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు వాడి నోరు మూయించడానికి మనిషిని పెట్టాలి" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. అక్కణ్ణించే వెనక్కి తిరిగింది. తర్వాత ఏడాదిపాటు డాక్టరు ఊసెత్తలేదు. ఆ ఏడాది పోవడంలో నా నోటికి పెద్ద వాటానే ఉంది.

చివరికి తీసుకెళ్తే డాక్టరు ఆటిజం అని చెప్పారు. చెవిగారు అడిగిన మొదటి మాట, "కారణం?"

"ఫలానా పని వల్ల వచ్చిందని వేలెత్తి చూపించేది కాదండీ ఇది. ఆ పిల్ల మెదడు అల్లికే అలా వచ్చింది. మీరు చేసిన తప్పేమీ లేదు. మాట నేర్పే సెంటరుకి రోజూ తీసుకెళ్లండి, మానకండి" అన్నారు డాక్టరు.

తప్పు లేదంటే ఎవరికైనా ఊరట కలగాలి. చెవిగారు మాత్రం ఒట్టి చేతులతో బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. మిషన్ ఇచ్చి, మూట ఇవ్వకుండా పంపేసినట్టుంది ఆయనకి.

సెంటర్లో చేర్చేనాడు, చేసిన పాపం ఊరుకోనివ్వక నేనూ వెంట వెళ్లాను. నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. కడుపుతో ఉన్నప్పుడు జ్వరాలు, కాన్పు, పుట్టినప్పటి ఏడుపు, ఇలా మూడు పేజీల ప్రశ్నలు. చెవిగారు గీతల మధ్య కూడా రాసి, విడి కాగితం అడిగి పుచ్చుకుని అదీ నింపేశాడు. నాలుగో పేజీలో ఒకటే ప్రశ్న: పాపకి ఏమిటిష్టం? అది ఖాళీగా ఉంది.

"ఇది రాయలేదండీ" అంది టీచరమ్మ.

"ముఖ్యమైనవన్నీ రాశానండీ" అన్నాడు చెవిగారు.

ఆ వరండాలో ఆరు కుర్చీలున్నాయి, ఏడు కారణాలున్నాయి. ఒకావిడ ఫోన్ వల్లే అంటుంది. ఒకాయన టీకా సూది వల్ల అంటాడు. కాదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఆ సూదిని వదిలిపెట్టడం చేతకావడం లేదు. ఒక డ్రైవరు, తను వారానికి ఆర్రోజులు రోడ్డు మీదే ఉండటం వల్ల అని తల వంచుకుంటాడు. "మీ ఉద్దేశమేంటండీ?" అని నన్నడిగారు. తెలియదంటే చిన్నతనమనిపించి, "ఈమధ్య నీళ్లు బాలేవు కదండీ" అన్నాను. మర్నాడూ వెంట వెళ్లి చూస్తే ముగ్గురు తల్లులు ఇంటి నుంచి నీళ్లు కాచి, వడగట్టి, సీసాల్లో పోసి తెచ్చుకున్నారు. ఆ సీసాలవైపు చూడలేక నేను గోడ మీది క్యాలెండర్ చదువుతూ కూర్చున్నాను.

చెవిగారి ఇంట్లో ముగ్గురు, మూడు కారణాలు. ఆయన తల్లి పైకే అనేసేది: "అమ్మ ముద్దుగా మాట్లాడితే కదా బిడ్డకి మాటలొచ్చేది? ఈవిడగారు పొద్దస్తమానం మిషనెక్కి కూర్చునుండె!" భార్య పైకి అనేది కాదు. ఓ మధ్యాహ్నం నా షాపులో, కొలతలు చూసుకునే తెర వెనక్కి నన్ను లాక్కెళ్లి, "నాలుగో నెల్లో జ్వరమొస్తే ఒక మాత్ర వేసుకున్నా వదినా. ఆయనకి చెప్పలేదు" అని నా భుజం తడిపేసింది.

చెవిగారి కారణం అన్నిటికన్నా లోతుగా దాక్కుంది. పెళ్లయిన కొత్తలో భార్యకి ఆయనే ఒక పాత మిషన్ విప్పి, మోటారు బిగించి ఇచ్చాడు. దాని మీదే ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టేది. తొమ్మిదో నెలదాకా, కడుపు బల్ల అంచుకి ఆనుతున్నా కుట్టింది.

"అది అదురుతుండేదక్కా" అన్నాడు నాతో. "చిన్న అదురు. నాకు వినపడింది. ఊళ్లోవాళ్ల మిషన్లన్నీ అయ్యాక చూద్దాంలే అనుకున్నా. తొమ్మిది నెలలు ఆ అదురు కడుపులో పిల్ల తలకి తగిలింది. విని కూడా వదిలేశాను."

"డాక్టరు కాదన్నారుగా నాయనా!"

"డాక్టరు ఆ మిషన్ విన్లేదు కదా."

సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో, రోగాలకి మూలకారణం కనిపెట్టే నిపుణుడిదంటూ ఒక కార్డు చెవిగారి చేతిలో పెట్టారు. ఫర్నిచర్ కొట్టు మీద రెండు గదులు. ఆయన చిట్టి జుట్టు కత్తిరించి ఎక్కడికో పంపి, వారం తిరక్కుండా రంగురంగుల గీతల కాగితం తెప్పించాడు. "ఇదిగో, లోహం. ఇదిగో, నూనె పొగ. ఇంట్లో యంత్రాలేమైనా ఉన్నాయా?" అని వేలు పెట్టి చూపించాడు. చెవిగారి కళ్లలో ఎంత వెలుగనుకున్నారు! ఇన్నాళ్లకి ఒకడు మూట కట్టి చేతిలో పెట్టాడు.

వైద్యం చుక్కలమందు, పూటకి పది చుక్కలు, మూణ్ణెల్లు. యంత్రం ఇంట్లో ఉండకూడదు. సెంటరు మానెయ్యాలి. "రెండూ కలిపితే ఏది పనిచేసిందో తెలీదు" అన్నాడట నిపుణుడు. ఆ మాటకి పడిపోయాడు చెవిగారు. ఎందుకంటే ఆయన షాపులో ఇరవయ్యేళ్లుగా నడుస్తున్న సూత్రం కూడా అదే: ఒకసారికి ఒక్క ముక్కే మార్చాలి, మార్చి తొక్కి చూడాలి. ఇంకొకడైతే మందూ వేసి, సెంటరుకీ పంపేవాడు. ఇలాంటి పొరపాటు చెయ్యాలంటే మంచి పనివాడై ఉండాలి.

టీచరమ్మ చెప్పిచూసింది. "వరసగా రెండు వారాలు రాకపోతే సీటు వేరేవాళ్లకి ఇచ్చెయ్యాలండీ. మీ వెనక చాలామంది ఉన్నారు. ఇప్పుడిప్పుడే చెయ్యి పట్టుకుని కావలసింది చూపిస్తోంది పిల్ల." చెవిగారు దండం పెట్టి వచ్చేశాడు.

ఇంటికెళ్లి మిషన్ ఎత్తాడు.

"అది నాది" అంది భార్య.

"పాపకంటే ఎక్కువా?"

ఆవిడ మిషన్ మీదున్న యూనిఫారం గుడ్డ తీసి మడత పెట్టుకుంది.

మూడోరోజు నుంచి చిట్టి మిషన్ ఉండే మూల గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి కొరుక్కునేది. ముద్ద దిగేది కాదు. నిపుణుడికి ఫోన్ చేస్తే, "శుభం! విషం కదులుతోంది. చుక్కలు పెంచండి" అన్నాడు. పెంచారు. వాంతులు మొదలయ్యాయి. అదీ శుభమేనన్నాడు. పిల్ల గౌను రెండుసార్లు బిగించి కుట్టాను నేను. మూడోసారి ముసలమ్మే కొడుకు చొక్కా పట్టుకుంది. "ఒరేయ్, అది మాట్లాడకపోతే మానె! బతకనియ్యరా దాన్ని!"

"ఇంకొక్క వారం అమ్మా. మధ్యలో ఆపితే తెలీదు." ఆయన గొంతు అరిగిపోయిన పళ్లచక్రంలా జారిపోతోంది. గడ్డం మాసింది. షాపుకొచ్చిన మిషన్లకి చెవి పెట్టడం మానేసి, "ఏమైంది?" అని మనుషుల్నే అడుగుతున్నాడు.

పదహారో రోజు మధ్యాహ్నం ఆయన భార్య చిట్టిని చంకనేసుకుని నా షాపుకొచ్చింది. ఒప్పుకున్న యూనిఫారాలు మిగిలిపోయాయి, నా మిషన్ మీద కుట్టుకుంటానంది. పిల్ల నుదురు కమిలిపోయి ఉంది. వీధంతా వినపడేలా అరుస్తోంది. కిందికి దింపి ఆవిడ పెడల్ మీద కాలు వేసింది.

అరుపు ఆగింది.

చిట్టి బల్ల కిందికి దూరింది. బల్లకాలికి బుగ్గ ఆనించి, ఎడమ అరచెయ్యి బల్ల అడుగున పరిచి పెట్టింది. దారం మార్చడానికి వాళ్లమ్మ ఆగగానే, ఆ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి మళ్లీ పెడల్ మీద పెట్టింది.

గుమ్మంలో చెవిగారు. మందు వేళయిందని సీసా పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. నేను నోరు తెరిచి, ఆ ఒక్కసారికి మూసుకున్నాను.

"తొక్కు" అన్నాడు భార్యతో. కళ్లు మూసుకుని, దారపు ముక్కల మధ్య బోర్లా పడుకుని, తల బల్ల కిందికి పోనిచ్చాడు. కాళ్లు రోడ్డు మీదున్నాయి. గుండీలు కొనడానికొచ్చినావిడ వాటిని దాటుకుంటూ, "ఎవరండీ ఈయన, మీ తాలూకానా?" అంది. "మిషన్ చూస్తున్నాడులెండి" అన్నాను.

చాలాసేపటికి లోపల్నుంచి గొంతు వచ్చింది. "కూనిరాగం తీస్తోంది. మిషన్తో పాటే. అది నెమ్మదిస్తే ఇదీ నెమ్మదిస్తోంది... ఎన్నాళ్ల నుంచి?"

"నడకొచ్చినప్పట్నుంచీ" అంది భార్య. "నా కాళ్ల దగ్గరే ఉండేది. మిషన్ దగ్గర కూర్చోబెడుతున్నానంటే అత్తయ్య నన్నే అంటారని మీకు చెప్పలేదు."

చెవిగారు బయటికొచ్చాడు. జుట్టు నిండా దారాలు. సీసా నా బల్ల మీద పెట్టేసి, అలాగే, దులుపుకోకుండానే సెంటరుకి పరిగెత్తాడు.

సీటు ముందురోజే ఎవరికో ఇచ్చేశారు. వెనకే వెళ్లిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మిషన్ కంపెనీ వాళ్లకే వంక పెట్టే మనిషి, చేతులు జోడించి, "తప్పు నాదండీ. పిల్లది కాదు" అని పదే పదే అంటున్నాడు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది కానీ సీటు ఎక్కణ్ణించి తెస్తుంది? ఎనిమిది నెలలు ఆగాలంది. శనివారాలు అరగంట తల్లికి ఇంట్లో చేయించాల్సినవి నేర్పుతానంది. ఇంకో ఫారం ఇచ్చింది. చెవిగారు మూడు పేజీలు తిప్పేసి నాలుగోదాని దగ్గర ఆగాడు. 'మిషన్ చప్పుడు. బల్ల కింద. ఎడమ అరచెయ్యి' అని రాశాడు.

డాక్టరు మందు చూసి మండిపడ్డారు. ఆపాక వాంతులు తగ్గాయి. మిషన్ ఇల్లు చేరింది. ఎలాగూ తెచ్చాను కదా అని చెవిగారు ఆ పాత అదురు కూడా సరిచేశాడు, ఏడేళ్ల తర్వాత. చిట్టి చెయ్యి పెట్టి చూసి, తీసేసి, మళ్లీ గోడ దగ్గరికి నడిచింది. ఆయన కొత్తగా వేసిన వాషరు విప్పేసి, మర మళ్లీ వదులు చేశాడు. ఆ వాషరు ఇప్పుడు గుడ్డపీలికలో ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది.

ఆ కథ అక్కడ తేలిపోతే బాగుండేది. చిట్టి మాట్లాడలేదు. ప్రతి సోమవారం చెవిగారు జాబితాలో ఎన్నోవాళ్లమని అడిగొస్తాడు. ఇద్దరు జరిగితే ఆ రోజు అన్నం తింటాడు. మొన్న నా దగ్గరికొచ్చి, కత్తెర తీసి, పెట్టి, మళ్లీ తీసి, "మీ చెల్లెలి కొడుకు మాట్లాడింది... సరిగ్గా అయిదేళ్లకేనా అక్కా? లేక ఆరు దాటాకా?" అన్నాడు.

చిట్టికి గత నెలలోనే ఆరు నిండాయి. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎప్పుడూ ఒక్కసారికే ఎక్కించేదాన్ని, నాలుగుసార్లయినా బెజ్జం దొరకలేదు.