అడిగితేనే చెప్తుంది

పాపకు జ్వరం వచ్చిందేమోనని రాత్రి మూడుసార్లు లేచి నుదురు ముట్టుకుని చూసే మనిషిని నేను. ఇంట్లో రెండు థర్మామీటర్లున్నాయి, ఒకటి తప్పు చూపిస్తే రెండోది ఉండాలని. పాప ఒంటిమీద చిన్న దద్దురు కనిపించినా ఫోన్‌లో ఫొటోలు పెట్టి పోల్చుకుంటాను. నా భయమంతా ఆ రెండేళ్ల పిల్ల మీదే ఖర్చయిపోయింది. పక్కనే కూర్చున్న మా అవ్వకు, నన్ను కన్నతల్లికి, నా దగ్గర ఏమీ మిగల్లేదు. పాప పడుకుంది కాబట్టి ఇప్పుడు ఈ సంగతి రాయగలుగుతున్నాను.

నిజామాబాద్‌లో వైద్య విద్యార్థుల కోసం తయారవుతున్న ఒక సాఫ్ట్‌వేర్ దగ్గర ఏడాదిగా పని చేస్తున్నాను. తెరమీద రోగి బొమ్మ ఉంటుంది. విద్యార్థి ప్రశ్నలు అడుగుతాడు, రోగి జవాబు చెబుతుంది. ఆ జవాబుల్ని బట్టి ఏ పరీక్షలు రాయాలో, ఉన్న నాలుగు జబ్బుల్లో ఏది ముందు పట్టుకోవాలో విద్యార్థి తేల్చుకోవాలి. తప్పు చేస్తే బొమ్మకు ఆయాసం పెరుగుతుంది. జబ్బుల సంగతి డాక్టర్ మేడం చూసుకుంటారు. రోగి మాటలు రాయడం నా పని. నాకు ముందు ఎవరో రాసిన రోగి "నాకు మూడు దినములుగా శ్వాస కష్టముగా ఉన్నది" అనేదట. "ఈమె రోగి కాదు మేడం, రేడియోల వార్తలు చదివేటామె" అన్నాడట ఒక విద్యార్థి. అందుకని బోధన్ దగ్గర పుట్టి బీఎస్సీ చదివిన నన్ను పెట్టుకున్నారు.

నేను రాసే ప్రతి జవాబు పక్కన మూడు గడులుంటాయి. అడగకున్నా చెప్తుంది. అడిగితేనే చెప్తుంది. తిప్పి అడిగితే చెప్తుంది. వాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. మేడంకు మూడో గడి అంటే ప్రాణం. "రోగులు అబద్ధం చెప్పరమ్మా, మనం అడిగిందానికే జవాబిస్తరు. పిల్లలకు గది తెల్వాలె" అనేవారు.

అవ్వ మాతోనే ఉంటుంది. బాపు చెరుకు లారీలకు ఎత్తే పని చేసేవాడు. ఆయన పోయాక బోధన్‌లో ఒక్కతే ఉండేది. పాప పుట్టినప్పుడు వచ్చి ఇక ఇక్కడే ఆగిపోయింది. వస్తూ వస్తూ తన షుగర్ గోలీలు, బీడీల చాట, కత్తెర, బీడీ కార్మికుల కార్డు తెచ్చుకుంది. చెయ్యడం మానేస్తే కార్డు పోతుందని, కార్డు పోతే పింఛను రాదని ఆమె గుబులు. నేను పనికి పోయినంతసేపూ పాపను చూసేది. పాప కునుకు తీస్తే చాట ఒళ్లోకి లాక్కునేది. మా పిల్ల చంక దిగే రకం కాదు. సాయంత్రం నేను వచ్చేసరికి అవ్వ గోడ పట్టుకుని లేచేది.

ఆ నడుం నొప్పికి ఒక గోలీ ఉంది. బీడీలు చేసే వాడల్లో దాన్ని ఎరగని ఆడమనిషి ఉండదు. పొద్దున చాయ్‌తో ఒకటి, మధ్యాహ్నం కూర్చునే ముందు ఒకటి. ఒకరి దగ్గర అయిపోతే ఇంకొకరు చాట అంచు కిందినుంచి తీసి ఇస్తారు, దారపు ఉండ ఇచ్చినట్టు. అవ్వకు ఆ గోలీలు ప్రతి శనివారం నేనే తెచ్చేదాన్ని. బస్టాండు దగ్గరి మందుల షాపతను నన్ను చూడగానే అడగకుండానే షీటు తీసి పెట్టేవాడు. పాప డైపర్లు, అవ్వ గోలీలు ఒకే సంచిలో ఇంటికి వచ్చేవి.

ఎండలు మొదలైనప్పుడు మేడం నాలుగో రోగిని ఇచ్చారు. అరవై ఏళ్ల బీడీ కార్మికురాలు. పదేళ్ల నుంచి షుగర్, బీపీ. కాళ్ల వాపు, ఆయాసం, అన్నం సయించకపోవడం. కాగితం చివర ఒక వరుస ఉంది: రోజూ నొప్పి మాత్రలు, తిప్పి అడిగితేనే.

నేను అవ్వ మాటతీరు తీసుకుని రాశాను. కష్టపడలేదు, చెవిలో వినిపించింది వినిపించినట్టు టైపు చేశాను. "ఇంకేమన్న మందులు వేసుకుంటున్నవా అవ్వా?" అని విద్యార్థి అడిగితే రోగి ఇట్లా అంటుంది: "ఇంకేం మందులు బిడ్డా? షుగర్ గోలీ, బీపీ గోలీ. గంతే."

మేడం చదివి పకపకా నవ్వారు. "గీమె నా ఓపీకి రోజూ వస్తది. ఎక్కడ దొరికిందే నీకు?"

ఆ రోజు శనివారం. మెచ్చుకోలు తలుచుకుంటూ బస్టాండు దాకా నడిచి, షీటు తీసుకుని ఇంటికి పోయాను.

రెండు వారాల తర్వాత ఆ రోగిని విద్యార్థుల ముందు పెట్టి చూశాం. మొదటి అబ్బాయి గుండె జబ్బన్నాడు. రెండోవాడు షుగర్ వల్లనే అని మందు పెంచాడు. తెరమీది ముసలమ్మ రొప్పుతూనే ఉంది. మూడోసారి కూర్చున్నది సిరికొండ దిక్కు పల్లె పిల్ల. ఆమె మెల్లగా అడిగింది: "అవ్వా, పొద్దుగాల లేచినకాడికెల్లి పండుకునేదాక నోట్ల ఏమేం ఏసుకుంటవో వరసగ చెప్పు."

అట్లాంటి ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. జవాబు రాసి పెట్టలేదు. బొమ్మ "సమజ్ కాలె బిడ్డా" అంది. అందరూ నవ్వారు, మేడం నవ్వలేదు. "తిప్పి అడుగుడంటే గిది. అమ్మా, జవాబు ఇప్పుడే రాయి" అన్నారు నాతో.

కూర్చుని రాయడం మొదలుపెట్టాను. లేవంగనే చాయ్ తాగుత. చాయ్‌తోని నడుం గోలీ. పాపకు పాలు పట్టి...

రోగికి పాప లేదు. మేడం ఇచ్చిన కాగితంలో ఏ పాపా లేదు. వెనకనుంచి మేడం పిల్లలకు వివరిస్తున్నారు. షుగర్ ఉన్న మనిషికి ఈ నొప్పి గోలీలు రోజూ పడితే కిడ్నీలు కరాబైతయి, ఎవ్వరికీ తెల్వకుంటనే అయితయి, వాపు వచ్చేసరికి సగం దాటిపోతది.

నేను ఇంటికి వచ్చేసరికి అవ్వ చాట ముందు కూర్చుని ఉంది. పాప ఆమె వీపు పట్టుకుని నిలబడింది. నేను చెప్పులు విప్పకుండానే కూర్చుని అవ్వ కాలు మీద వేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీసినా అట్లాగే ఉంది.

"ఎప్పటిసంది వాచినయే అవ్వా?"

"కూసుంటే వాయవా మరి? లేచి తిరుగుదామంటే నీ బిడ్డ తిరగనిస్తదా?"

"మొన్న షుగర్ చూపిచ్చనీకి పోతే డాక్టర్ అడిగిండు గద, ఏమేం మందులు వాడుతున్నవని. నడుం గోలీ సంగతి ఎందుకు చెప్పలె?"

అవ్వ ఆకు మీదినుంచి కళ్లెత్తి, పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "గది మందెట్లయితదే? డాక్టర్ రాసిండా ఏమన్ననా? నువ్వు తెచ్చేదేనాయె."

మర్నాడు రక్తపరీక్ష చేయించాను. కాగితంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె లావు అక్షరాల్లో ఉంది. మేడం ఇచ్చిన కాగితంలో ఆ బొమ్మ రోగికి రాసిన అంకె కంటే మా అవ్వది ఎక్కువ.

కిడ్నీ డాక్టర్ దగ్గర అవ్వ కుర్చీలో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. గోలీల సంగతి మొత్తం నేనే చెప్పాను, ఏ గోలీ, రోజుకు ఎన్ని, ఎన్ని నెలలు. ఆయన రాసుకుని అవ్వ వైపు చూశాడు. "ఎవరు తెచ్చిచ్చిండ్రమ్మా ఇన్ని?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది, "నేనే కొనుక్కున్న డాక్టర్ సాబ్. బీడీలోళ్లందరం తింటం. పిల్లకు తెల్వదు."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఏమీ అనలేదు.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ మూడు రోజులూ పాపను పక్కింటి అక్క దగ్గర వదిలిపెట్టి అవ్వను తీసుకుపోతాను. తిరిగి వచ్చాక చాట దగ్గరికి పోయి, రెండు ఆకులు కత్తిరించి, పక్కకు పెట్టి పడుకుంటుంది. పాప పోయి చంకెక్కబోతే ఎత్తుకోలేకపోతోంది. జక్రాన్‌పల్లిలో ఎరువుల దుకాణంలో పని చేసే మా ఆయన, ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకే మాట అంటాడు: "డాక్టర్ చీటీ లేకుంట అమ్మిన షాపోని మీద కేసెయ్యాలె." అవ్వ కళ్లు మూసుకుని వింటుంది. నేను గిన్నెలు తోముతుంటాను.

పోయిన వారం మేడం కొత్త పని ఇచ్చారు. రోగి వెంట వచ్చిన మనిషికి కూడా మాటలు పెట్టాలట. నాలుగో రోగి వెంట కూతురు వస్తుంది. "కూతురికి అన్నీ తెలుసుంటయమ్మా. పిల్లలు ఆమెను కూడ అడుగుడు నేర్చుకోవాలె" అన్నారు. మా ఇంటి సంగతి మేడంకు కూడా అవ్వ కిడ్నీ డాక్టర్‌కు చెప్పినంతే తెలుసు.

ఇందాక ఆ జవాబులు పూర్తి చేశాను. గోలీలు ఎవరు తెచ్చిండ్రు అనే ప్రశ్న దగ్గర ముందు "షాపాయన ఇచ్చిండు" అని రాశాను. చెరిపేశాను. "నేనే తెచ్చిన సార్, ప్రతి శనివారం" అని రాశాను. అది ఉంచాను.

తర్వాత గడుల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అడగకున్నా చెప్తుంది అనే దాని మీద బాణం పెట్టి, తీసేశాను. రెండో గడికి టిక్కు పెట్టాను. నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.