నా ఇల్లు నా వీపు మీదే: ఒంటరి టెంటు కోసం వైశాలి నుంచి సోహ్నా దాకా

పోయిన వేసవిలో ఉత్తరాఖండ్ కొండలకి వెళ్ళినప్పుడు నన్ను ఒక కుర్రాడితో కలిపి ఒకే టెంటులో పడుకోబెట్టారు. వాడు మంచివాడే. కాకపోతే మెలకువ వచ్చినప్పుడల్లా నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేవాడు, ఊపిరి ఆడుతోందా లేదా అని. మర్నాడు నన్ను అడక్కుండానే నా సంచి తీసి కంచరగాడిద మీద కట్టేశారు. ఫోటోల్లో అందరూ వీపు నిండా బరువుతో ఉంటే నేనొక్కణ్ణే పెళ్ళికొచ్చినవాడిలా చేతులూపుకుంటూ నిలబడ్డాను. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు డెబ్బై దాటాయి. ఒక మోకాలు మొరాయిస్తుంది, అదీ నిజమే. అయితే ఏం? ఢిల్లీలో అశోకా రోడ్ చుట్టుపక్కల మెస్సుల్లో నలభై ఏళ్ళు వంట చేసినవాణ్ణి. బియ్యం బస్తాలు ఈ వీపు మీదే మేడలెక్కాయి. ఈ వీపుకి కొత్తగా ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

మా బృందాన్ని నడిపేది శ్రీకాంత్. హైదరాబాద్ అబ్బాయి, గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జనక్‌పురిలో కాపురం. ఏటా మే నెలలో ఢిల్లీ తెలుగువాళ్ళని పదిమందిని పోగేసి కొండలకి తీసుకెళ్తాడు. ఈ ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు.

"అంకుల్, ఏమనుకోకుండ్రి. ఈసారి పైన క్యాంపు మస్తు ఎత్తుల ఉంటది. మీరు కింద ఊర్లనే లాడ్జిల ఉండుండ్రి. మేం పైకి పోయి ఒస్తం."

"కింద కూర్చుని ఏం చెయ్యమంటావు? మీ చెప్పులకి కాపలా కాయనా?"

"అట్ల గాదు అంకుల్. అక్కడ ఒక్కసారి బట్టలు, పక్క తడిస్తే చలికి పానమే పోతది. మజాక్ కాదు."

చాలాసేపు పోట్లాడాక ఒక ఒప్పందానికి వచ్చాం. హర్యానాలో సోహ్నా అవతల ఆరావళి గుట్టల కింద అందరం ఒక రాత్రి గడుపుతాం. నా టెంటు నేనే మొయ్యాలి, నేనే వెయ్యాలి, ఎవరి సాయం లేకుండా అందులో పడుకుని పొద్దున్న పొడిగా లేవాలి. లేస్తే పైకి. లేకపోతే లాడ్జి. సరే అన్నాను. ఒక మనిషికి సరిపడే తేలిక టెంటు కొనాలనుకునేవాళ్ళకి, ముఖ్యంగా నా ఈడువాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి మా ఇంటి దగ్గర, వైశాలిలో మెట్రో ఎక్కాను. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఇంట్లో ఇన్ని గదులుండగా ఆ గుడ్డసంచిలో దూరడం ఏమిటండీ ఈ వయసులో" అంది. "ఇంట్లో గదులన్నీ నీవి. ఇదొక్కటీ నాది" అని లిఫ్టు ఎక్కేశాను. టెంట్లు అమ్మే దుకాణం కరోల్ బాగ్‌లో ఉంది. వైశాలి నుంచి అక్కడికి రైలు మారక్కర్లేదు. ముప్పావుగంట ప్రయాణం, టికెట్టు యాభై లోపే. అదే రైలు ముందుకెళ్తే జనక్‌పురి వస్తుంది కాబట్టి దుకాణం పని చూసుకుని అటునుంచి అటే శ్రీకాంత్ వాళ్ళని కలుసుకోవచ్చు. పొద్దున్నే వెళ్ళండి. పదకొండు దాటితే ఆ సందుల్లో నడవడానికి చోటుండదు, ఇక టెంటు పరిచి చూసే చోటు ఎక్కడిది?

దుకాణంలో ముప్పై ఏళ్ళ అమ్మాయి ఉంది. తనదే దుకాణం. నన్ను చూడగానే హిందీలో, "అచ్ఛా, మనవడికా అంకుల్ జీ?" అంది.

"నాకే. ఒక్కణ్ణే పడుకోవాలి, నేనే మొయ్యాలి."

ఆ అమ్మాయి నవ్వలేదు. అది నచ్చింది నాకు. మూడు రకాలు తీసింది. డబ్బాల మీద ఇంగ్లీషులో ఏవేవో రాసున్నాయి. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని, "చదవద్దమ్మా, పరిచి చూపించు" అన్నాను. నా స్లీపింగ్ బ్యాగు వెంట తెచ్చుకున్నాను. అది లోపల పరుచుకుని, మడమల నుంచి నడినెత్తి దాకా చాపుకుని పడుకుని చూశాను. వచ్చిన గిరాకీలు నన్ను దాటుకుంటూ పోయారు. పోనీండి. చెప్పులైతే వేసుకుని నడిచి చూస్తాం కదా, మరి పడుకునే వస్తువుని నిలబడి కొంటామా?

మొదటిది ఉత్త పైకప్పు గుడ్డ. అరకిలో కూడా లేదు, జేబులో పెట్టుకోవచ్చు. కింద నేల లేదు, పక్కల గోడ లేదు. అది పందిరి, ఇల్లు కాదు. రెండోది రెండు పొరలది. సొంత ఊచలతో తనంతట తానే నిలబడుతుంది, లోపలి పొర పొడిగా ఉంటుంది. ధర ఏడువేల చిల్లర. బరువు కిలోముప్పావు. బరువు సంగతి అటుంచండి, దాని తలుపు తల వైపు ఉంది. పాకుతూ లోపలికి దూరాను గానీ, బయటికి రావడానికి మోకాలు వంగక ఆ అమ్మాయి చెయ్యి అందించాల్సొచ్చింది. ఒకరు చెయ్యిస్తే గానీ బయటికి రాలేని ఇల్లు నాకెందుకు? మూడోది ఒకే పొరది, కిలోకి కాస్త తక్కువ. దీనికి ఊచలుండవు. మనం నడిచే చేతికర్రే మధ్యలో నిలబెట్టాలి. ఎలాగూ మోసే కర్రే కాబట్టి అదనపు బరువు లేదు. తలుపు పక్కన ఉంది. అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు, మంచం ఎక్కినట్టే. రాత్రి రెండుసార్లు లేవాల్సిన వయసు నాది. సిగ్గుపడి ఈ మాట ఎవరూ రాయరు, నేను రాస్తున్నాను. పన్నెండు వేలు చెప్పింది, కాస్త తగ్గించింది, తీసుకున్నాను.

మూట కడుతూ ఆ అమ్మాయి, "అంకుల్ జీ, ఇది ఒకే పొర. పైన గాలి పోవడానికి ఈ జాలీ, కింద ఈ సందు, రెండూ తెరిచే ఉంచండి. ఎంత చలిగా ఉన్నా సరే" అంది.

"ఠీక్ హై, ఠీక్ హై" అన్నాను. నలభై చలికాలాలు ఢిల్లీలో గడిపినవాడికి చలి గురించి చెబుతోంది అనుకున్నాను.

జనక్‌పురి నుంచి మధ్యాహ్నం వ్యాను బయల్దేరింది. గుర్‌గావ్ దాటి సోహ్నా అవతలికి రెండు గంటలు పట్టింది. శనివారం కాబట్టి ఇంకో అరగంట కలుపుకోండి. వ్యాను డ్రైవరు హర్యానా మనిషి. నా ఒళ్ళో మూట చూసి, పెదనాన్నని పిలిచినట్టు "తావూ, ఇందులో ఇల్లుందా? మా ఆవిడ పౌడర్ల సంచి దీనికంటే పెద్దది" అన్నాడు. వ్యానంతా నవ్వింది. "మీ ఆవిడకి సామాను ఎక్కువ, నాకు తక్కువ" అన్నాను. మేం దిగింది గుట్టల మధ్య ఒక పొలంలో. చిన్న చెరువు, చుట్టూ గడ్డి. టెంటు వేసుకునే చోటు, రాత్రికి పప్పు, రొట్టె, పొద్దున్న టీ అన్నీ కలిపి మనిషికి ఆరువందలు.

టెంటు మొదటిసారి నా నెత్తి మీదే కూలింది. రెండోసారి కర్ర పొట్టిదై గుడ్డ వేలాడింది. శ్రీకాంత్ రెండడుగులు ముందుకేశాడు.

"చెయ్యి వేశావంటే విరుగుతుంది" అన్నాను.

"నేనేం అనలే అంకుల్. ఊకనే చూస్తున్న."

మూడోసారి నిలబడింది. వీపుకి మెత్తగా ఉంటుందని చెరువు పక్కన పల్లంలో గడ్డి మీద వేశాను. గాలి కూడా అక్కడ తక్కువ. నేను చేసిన మొదటి తప్పు అదే. రెండోది అంతకంటే పెద్దది. ఢిల్లీ వచ్చిన తెలుగువాడు మొదటి చలికాలంలో నేర్చుకునే విద్య ఏమిటంటే, ఇంట్లో సందులు పూడ్చడం. కిటికీ చీలికల్లో పాత కాగితాలు కుక్కుతాం, తలుపు కింద చీర మడతపెట్టి తోస్తాం, స్నానాలగది రంధ్రానికి కూడా గుడ్డ కడతాం. చేతులు వాటంతటవే ఆ పని చేసేశాయి. పై జాలీలో మఫ్లరు కుక్కాను, కింది సందు పొడుగునా తువ్వాలు తోశాను. లోపల వెచ్చగా, పొయ్యి పక్కన పడుకున్నట్టు ఉంది. నవ్వుకుంటూ నిద్రపోయాను.

పొద్దున్న ముక్కు మీద చుక్క పడి లేచాను. చూస్తే గుడ్డంతా నీటి బొట్లు. భుజం తగిలితే జలజలా రాలాయి. స్లీపింగ్ బ్యాగు పై భాగం, కాళ్ళ దగ్గర, తడిసి ముద్దయింది. వాన లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది. శ్రీకాంత్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, వంగి లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"అంకుల్, మొత్తం తడిసింది. టెంటు కారుతుంది. దుకాణంల మోసం జేసిండ్రు. వాపస్ ఇచ్చేద్దాం. దీంట్ల మీ తప్పేం లేదు. మే నెలల లాడ్జిల ఆరామ్‌గ ఉండుండ్రి."

దుకాణం మీదకి నెట్టేస్తే నా పరువు దక్కేది. అందరూ సరే అనడానికి సిద్ధంగా ఉన్నారు. కానీ నేను వంటవాణ్ణి. నలభై ఏళ్ళు ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడల్లా దాని లోపలి నుంచి కారే నీళ్ళు చూశాను. ఆ నీళ్ళు పైనుంచి రాలేదు, పాత్రలోంచే లేచాయి. రాత్రంతా నేను వదిలిన ఊపిరి, చెరువు పక్క గడ్డిలో చెమ్మ, రెండూ పోయే దారి లేక నా మీదే పడ్డాయి.

"టెంటుని అనకు. దుకాణాన్ని అనకు. దాని ముక్కు మూసింది నేను" అని మఫ్లరు లాగి చూపించాను. "ఇంకో రాత్రి ఇవ్వు."

"మనం ఒక్క రాత్రి అనుకున్నం కద అంకుల్. పైన అయితే రెండో రాత్రి ఎవరిస్తరు?"

"అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మీరందరూ వెళ్ళండి. నేను ఇక్కడే ఉంటాను. నువ్వు చూడటానికి వచ్చినా రాకపోయినా ఇవాళ ఇందులో పడుకుంటాను."

"ఆంటీ నన్ను చంపుతది!"

"ముందు నన్ను చంపాక కదా నీ దాకా వచ్చేది."

మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. శ్రీకాంత్ నవ్వలేదు. సోమవారం ఆఫీసు గుర్‌గావ్‌లోనే కాబట్టి తానూ ఉంటానన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది. ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "తడిసిన పక్క నేను ఉతకను" అని పెట్టేసింది మా ఆవిడ. కోపం తక్కువే అన్నమాట.

పగలంతా టెంటూ స్లీపింగ్ బ్యాగూ తిరగేసి పొదల మీద ఎండబెట్టాను. సాయంత్రం చెరువుకి దూరంగా, గుట్ట వైపు, గట్టి నేల మీద చెట్టు కింద వేశాను. ఈసారి ఒక్కసారికే నిలబడింది. మేకులు దిగక రాళ్ళు పెట్టి తాళ్ళు కట్టాను. జాలీ తెరిచాను, కింది సందు తెరిచాను. గాలి ఒక పక్క నుంచి వచ్చి నన్ను తడుముకుని ఇంకో పక్క నుంచి పోయింది. చలేసింది, అబద్ధం చెప్పను. స్వెట్టరు మీద స్వెట్టరు, రెండు జతల మేజోళ్ళు, చెవుల మీదకి కోతి టోపీ. ఒళ్ళు మూసుకున్నాను, టెంటు మాత్రం మూయలేదు.

సోమవారం తెల్లవారాక శ్రీకాంత్ వచ్చాడు. పలకరించకుండానే మోకాళ్ళ మీద కూర్చుని నా స్లీపింగ్ బ్యాగులో చెయ్యి అడుగుదాకా దూర్చాడు. పైగుడ్డ మీద సన్నటి తేమ ఉంది, తువ్వాలుతో ఒక్క తుడుపు తుడిస్తే పోయేంత. అతను దాన్నీ వేలితో రాసి చూశాడు.

"కాళ్ళ కాడ గూడ చూశిన. పొడిగనే ఉంది."

"నుదురు కూడా చూడు, జ్వరం ఉందేమో."

అప్పుడు నవ్వాడు. "సరే అంకుల్. మీరు పైకొస్తున్నరు. ఒక్కటే మాట, సంచి మాత్రం గాడిద మీద..."

"గాడిద మీద నువ్వెక్కు. నేను నడుస్తాను."

నా ఎదురుగానే ఫోన్ తీసి బృందంలో అందరికీ చెప్పాడు: "అంకుల్ పై క్యాంపుకి. సంచి అంకుల్‌దే, వీపు అంకుల్‌దే." అద్దె కారు పిలిపించి నన్ను గుర్‌గావ్ మెట్రో దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి రాజీవ్ చౌక్‌లో రైలు మారి వైశాలి చేరడానికి గంటన్నర పట్టింది. ఆఫీసుల వేళ కదా, సీటు దొరకలేదు. ఒక పిల్ల లేచి సీటివ్వబోయింది. వద్దన్నాను. సంచి వీపు మీదే ఉంచుకుని నిలబడే వచ్చాను.

మెస్సుల్లో పనిచేసిన రోజుల్లో ఒక గదిలో ఎనిమిదిమందిమి వరసగా పడుకునేవాళ్ళం. ఒకడు పక్కకి తిరగాలంటే అందరూ తిరగాలి. తరవాత ఇల్లు, పిల్లలు, చుట్టాలు. నా ఒంటి కొలతకి కుట్టిన చోటు నాకు ఈ వయసులో దొరికింది. దాన్ని మోస్తానంటే చుట్టూ ఉన్నవాళ్ళు కంగారుపడుతున్నారు. ప్రేమతోనే పడుతున్నారు, నాకు తెలుసు. అయినా చెప్పేది వినండి. ముసలాడు తప్పు చేస్తే వాణ్ణి లాడ్జిలో కూర్చోబెట్టకండి. కుర్రాడికి ఇచ్చినట్టే వాడికీ ఇంకో రాత్రి ఇవ్వండి. చేతకాకపోతే వాడే దిగొస్తాడు. నేనైతే మే నెలలో ఎక్కుతున్నాను.

ఇక పనికొచ్చే మాట ఒక్కటి. ఒకే పొర టెంటు కొంటే కొండకి తీసుకెళ్ళే ముందు ఊరి దగ్గరే, పొగమంచు పట్టే రోజు చూసి, నీళ్ళకి దూరంగా గట్టి నేల మీద వేసి ఒక రాత్రి పడుకోండి. ఎంత చలేసినా గాలి వచ్చే దారులు మూయకండి. కోతి టోపీ మీ తలకి పెట్టుకోండి, టెంటుకి పెట్టకండి.